ఏనుగు కన్ను గీసిన అద్దం

నేను ఒక అద్దాన్ని. అద్దం అనగానే గోడకు వేలాడేదో, బీరువా తలుపుకు బిగించేదో అనుకోకండి. నా పొడవు చిటికెన వేలి గోరంత. ఒక చిన్న మోటారులోంచి సన్నని ఇనుప కడ్డీ బయటికి వస్తుంది. దాని కొనకు నన్ను అతికించారు. మోటారు కదిలితే నేనూ కదులుతాను. ఫ్యాను మాదిరి గుండ్రంగా తిరగను. వద్దు వద్దు అని తల ఊపే మనిషిలాగా అటూ ఇటూ ఊగుతాను, అంతే. నా పక్కనే ఇలాంటిదే ఇంకొక అద్దం ఉండేది. అది పైకీ కిందికీ ఊగేది. లేజర్ కాంతి మొదట నా మీద పడి, నా మీంచి దాని మీద పడి, అక్కడి నుంచి బయటి లోకంలోకి పోయేది. మేమిద్దరం కలిసి ఊగితే గాలిలో బొమ్మ వచ్చేది.

నేను పుట్టింది ఏదో చలి దేశంలో, దుమ్ము చొరబడని గదిలో. అక్కడి మనుషులు మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని నన్ను పట్టుకునేవాళ్ళు. నా ముఖం మీద ఒక్క వేలిముద్ర పడినా పక్కన పారేసేవాళ్ళు. అంత మర్యాద మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు. నన్ను పెట్టిన ప్రొజెక్టరును మొదట బెంగళూరులో పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చే ఆయన కొన్నాడు. మూడేళ్ళపాటు కల్యాణ మండపాల పైకప్పుల మీద వధూవరుల పేర్లు రాశాను. నేను ఎంత అందంగా రాసినా జనం పైకి చూసేవాళ్ళు కాదు. విస్తళ్ళ వైపు చూసేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను. కాంతి కడుపు నింపదు.

తర్వాత నన్ను కేశవులు అనే కాంట్రాక్టరు కొన్నాడు. రాయలసీమలో పులివాగు రిజర్వాయరు పక్కన కొత్తగా పార్కు వేశారు. సాయంత్రాలు అక్కడ లేజర్ షో నడిపే పని ఆయన తీసుకున్నాడు.

ఆ షో ఎలా ఉండేదో చెప్పాలి. ఒక గట్టున మెట్లు కట్టారు, జనం అక్కడ కూర్చుంటారు. ఎదుటి గట్టున సిమెంటు గది, నేను అందులో ఉంటాను. మధ్యలో నీళ్ళు. ఆ నీళ్ళలోంచి పంపులు ఎగజిమ్మితే విసనకర్ర విప్పినట్టు ఒక పల్చని నీటి తెర లేస్తుంది. నేను వెనకనుంచి ఆ తెర మీద కాంతి పారిస్తాను. జనానికి తెర కనిపించదు, బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. నీళ్ళలోంచి ఒక ఏనుగు లేచి, నడిచి, వాళ్ళ వైపు తిరుగుతుంది. బొమ్మల పుస్తకంలోని చదును ఏనుగు కాదు. ముందు కాళ్ళు దగ్గరగా, వెనక కాళ్ళు దూరంగా, నిజంగా అక్కడ ఉన్నట్టే ఉంటుంది. ముందు వరుసలో పిల్లలు భయపడి అమ్మ ఒడిలో దూరేవాళ్ళు.

నిజానికి అక్కడ ఏనుగు లేదు. ఎప్పుడూ ఒకే ఒక్క చుక్క ఉంటుంది. నేనూ నా తోడూ కలిసి ఆ ఒక్క చుక్కను సెకనుకు ముప్పైవేల చోట్ల నిలబెడతాం. చుక్క పోయిన చోట దాని జాడ మనిషి కంటిలో లిప్తపాటు మిగులుతుంది. ఆ జాడలన్నీ కలిసి గీత అవుతాయి, గీతలు ఏనుగు అవుతాయి. దగ్గరి గీతను ప్రకాశంగా, దూరపు గీతను మసకగా, ఒంటి చాటున పడే గీతను అసలు కనపడకుండా చేస్తే చదును నీటి మీద లోతు పుడుతుంది. వినడానికి సులువుగా ఉంటుంది. చేసేవాళ్ళకు తెలుసు కష్టం. నాకూ కాస్త బరువుంది కదా. వేగంగా పోతూ దంతం కొన దగ్గర ఠక్కున వెనక్కి తిరగమంటే తిరగలేను, కొంచెం అవతలికి పోతాను. దంతం మొండిగా వస్తుంది. గీతలు ఎక్కువైతే మొదటి గీతకు మళ్ళీ వచ్చేలోపు అది ఆరిపోతుంది, ఏనుగు వణుకుతుంది. ఎండాకాలం ఆ సిమెంటు గది కాగిన పెనంలా ఉండేది. మోటారు వేడెక్కితే ఏనుగు కాళ్ళు వంకర పోయేవి. గాలి వీస్తే నీటి తెర పక్కకు వాలేది, పొట్టలో చిల్లు పడేది.

వీటన్నింటినీ సరిచేసేది నాగవేణి. ఎలక్ట్రానిక్స్ చదివి, ఆ పార్కులో ఆపరేటరుగా చేరిన ఇరవైనాలుగేళ్ళ అమ్మాయి. దంతం కొన దగ్గర అదనంగా నాలుగు చుక్కలు పెట్టి నన్ను అక్కడ ఒక్క క్షణం ఆపడం నేర్చింది. అవసరం లేని గీతలు తీసేసి వణుకు తగ్గించింది. నన్ను తుడవాలంటే స్పిరిట్‌లో ముంచిన దూదిని ఒక్కసారే వాడి పారేసేది. నన్ను చేసినవాళ్ళ తర్వాత నన్ను చూసి భయపడింది ఆమె ఒక్కతే. భయపడడం అంటే ఇక్కడ గౌరవం అనే నా అర్థం.

ఆమె భయానికి కారణం ఉంది. చుక్క కదులుతున్నంతసేపూ ఎవరికీ హాని లేదు. ఏ కంటి మీదా నిలవదు. నీటి తెర కూడా దాన్ని చెదరగొడుతుంది. కానీ మేము ఊగడం ఆగిపోతే ముప్పైవేల చోట్లకు పంచాల్సిన వెలుగంతా సూది మొనంత చోట కుప్పపడుతుంది. ఆ సమయానికి తెరలో చిల్లు ఉంటే నేరుగా అవతలి గట్టు మీది మెట్లకు పోతుంది. అందుకే మా పెట్టెలో ఒక చిన్న బోర్డు ఉండేది. దాని పని నన్ను కనిపెట్టుకుని ఉండడమే. నేను నిదానిస్తే చాలు, రెప్ప కదిలేలోపు కాంతిని మూసేసేది. అందరూ దాన్ని కాపలా బోర్డు అనేవాళ్ళు.

మెట్ల దగ్గర ఇంకొక కాపలా ఉండేది. వాచ్‌మన్ మస్తానయ్య. యాభై దాటిన మనిషి, మెడలో ఈల. పిల్లలు నీళ్ళ వైపు రాకుండా కింది మెట్టు మీద నిలబడేవాడు. షో మొదలయ్యే ముందు పడవలో వచ్చి నాగవేణికి టీ ఫ్లాస్కు ఇచ్చిపోయేవాడు.

"ఏం పాపా, ఈపొద్దు ఏనుగు బాగా నడుస్తాదా?"

"నువ్వే చూడొచ్చు గదా మామా, అంత ముందర ఉండి!"

"నేను యాడ చూసేది? ఏనుగును చూసేది నా వీపు. నా కండ్లు పిల్లోల్ల మీదుండాల."

ఆయన చెప్పింది నిజమే. నా కాంతి ఎంత దూరం పోతే నా చూపు అంత దూరం పోతుంది. టీ ఇచ్చేది గుమ్మం బయటే కాబట్టి, రెండేళ్ళలో నేను ఆయన వీపు తప్ప ముఖం చూడలేదు.

ఆ ఏడు వినాయక చవితి దాటినప్పటినుంచీ జనరేటరు సరిగా నడవలేదు. కరెంటు ఊగిసలాడేది. ఊగిన ప్రతిసారీ కాపలా బోర్డు బెదిరి కాంతి ఆపేసేది. ఏనుగు సగం నడిచి మాయమయ్యేది. మెట్ల మీదనుంచి ఈలలు, అరుపులు. "ఓరబ్బీ, ఏనుగు నీళ్ళు తాగను పోయిందా?" అని ఎవరో అంటే అందరూ నవ్వేవాళ్ళు. కేశవులు గదిలోకి వచ్చాడు. వెంట ఎలక్ట్రీషియన్ సుంకన్న ఉన్నాడు.

"ఏందమ్మా ఇది? మూడు దినాల్నుంచి నగుబాటు. నా మొగం యాడ పెట్టుకోవాల?"

"కరెంటు ఊగులాడ్తాంది సార్. బోర్డు బెదిరి ఆపేస్తాంది. జనరేటరు బాగు చేపిస్తే సరిపోతాది."

"బెదిరే కాపలోడు మనకెందుకు? తీసెయ్ దాన్ని."

"తీస్తే ఎట్ల సార్! అద్దం నిజంగా ఆగిన దినం ఎవురిదో ఒకరి కన్ను పోతాది. నొప్పి గూడా తెలీదు వాల్లకు."

"రెండేండ్లలో అద్దం ఒక్కసారన్నా ఆగిందా?"

"లేదు సార్."

"మరింగేం? చదువుకున్నోల్లకు భయాలు జాస్తి. సుంకన్నా, ఒక జంపర్ ఎయ్ పా. దసరా పండగైనంక కొత్త జనరేటరు తెప్పిస్తా, అప్పుడు తీసేద్దాం."

జంపర్ అంటే వేలెడు తీగ. రెండు కొనలూ చెరొక చోట కలిపితే బోర్డు ఉండీ లేనట్టే. నేను ఊగినా, ఆగినా, విరిగిపడినా అంతా బాగుందనే అనుకుంటుంది. సుంకన్నకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాగవేణి గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి ఇంటికి పోయేముందు ఒక కాగితం మీద విషయమంతా రాసి, తారీఖు వేసి, కేశవులు బల్ల మీద పెట్టింది. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టాడని మరునాడు సుంకన్న చెబితే విన్నాను.

ఏనుగు మళ్ళీ ఆగకుండా నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. మనిషికి అలవాటు ఎంత త్వరగా అవుతుందో అప్పుడు చూశాను. మొదటి రోజు నాగవేణి చెయ్యి కాంతిని ఆపే ఎర్ర బటను మీదనుంచి కదల్లేదు. వారానికి ఆ చేత్తో టీ తాగుతోంది.

మహర్నవమి వచ్చింది. మనుషులు ఏడాదికి ఒకరోజు మాలాంటివాళ్ళకు దండం పెడతారు. కత్తి, నాగలి, లారీ, కుట్టుమిషను, ఏది అన్నం పెడితే అది ఆ రోజు దేవుడు. మంచి ఆచారమే, కాదనను. నాగవేణి ముందురోజే చెప్పింది: పూజ పెట్టె పైన చేసుకోండి, మూత మాత్రం తియ్యొద్దు అని. నవమి పొద్దున ఆమె పంపుల మూతుల్లో నాచు తీయించడానికి పడవలో పోయింది. కేశవులు స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. జనరేటరుకు బొట్టు పెట్టాడు. స్విచ్చుబోర్డుకు పెట్టాడు. మా పెట్టె దగ్గర ఆగాడు.

"సుంకన్నా, మూత తీ పా."

"పాప వద్దనింది సార్."

"పైడబ్బాకు పెడితే ఏం పున్నెం? కష్టపడేది లోపలుండేది గదా. దానికి పెట్టాల. అమ్మవారికి అడ్డం చెప్పేటోల్లెవురప్పా!"

మూత లేచింది. ముందు సాంబ్రాణి పొగ వచ్చింది. తర్వాత ఆయన వేలు. తడి గంధంలో ముంచి, కుంకుమలో అద్దిన వేలు. నా తోడు లోపలికి ఉండడంవల్ల దానికి అందలేదు. నాకు అందింది. కడ్డీ మోటారులోకి దూరే చోట, సరిగ్గా కీలు మీద, బొట్టు పెట్టాడు. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. అంతవరకు నాకు ఎవరూ దండం పెట్టింది లేదు. ఒక్క క్షణం నేను పొంగిపోయానని ఒప్పుకోవాలి. ఆ తడి గంధం నెమ్మదిగా కీలులోకి దిగడం ఆ తర్వాతే తెలిసింది.

నాగవేణి తిరిగి వచ్చేసరికి మూత వేసి ఉంది. మూత మీదా ఒక బొట్టు ఉంది. "లోపల ఏం ముట్టుకోలేదు గదా సుంకన్నా?" అని అడిగింది. సుంకన్న గుమ్మడికాయ ముక్కలు ఊడుస్తూ తల ఎత్తకుండా "లేదు లే పాపా" అన్నాడు. పండుగపూట ఆమెతో తిట్లు తినడం అతనికి ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

విజయదశమి సాయంత్రం మెట్లు నిండిపోయాయి. ముందు వరుస పిల్లలకు వదిలేశారు. ఏడు గంటలకు పంపులు లేచాయి. గంధం అప్పటికి కీలులో ఎండి బంకలాగా ఉంది. మోటారు వేడికి ఇంకా బిగుస్తోంది. మొదటి అడుగులోనే నాకు తెలిసింది. కుడివైపు పోవాల్సినంత దూరం పోలేకపోతున్నాను. నాగవేణి కూడా చూసింది. "ఏమైందీ ఏనుగుకు, సన్నబడినాది?" అని తనలో తాను అనుకుంటూ స్క్రూ తిప్పి నాకు బలం పెంచింది. బలం పెరిగితే వేడి పెరిగింది. ఆమె ఫోను తీసింది.

"సార్, అద్దం బిగుసుకుంటాంది. ఆపేస్తా."

"ఇంతమంది ముందర ఆపుతావా? ఇంగ రెండు నిమిషాలే గదా. అయిపోనీ!"

ఫోను చెవి దగ్గరే ఉంది. చెయ్యి ఎర్ర బటను మీదికి పోయి, దాని మీదే ఆగింది.

షో ఆఖరున ఏనుగు మోకాళ్ళ మీద కూర్చుని జనానికి తొండమెత్తి నమస్కారం పెడుతుంది. తర్వాత ఒక్కొక్క గీతే ఆరిపోయి, చివరకు దాని కన్ను ఒక్కటే మిగులుతుంది. చిన్న పచ్చని సున్న. మోకరిల్లిన ఏనుగు కన్ను కాబట్టి అది బాగా కిందికి, మనిషి నిలబడిన ఎత్తుకు వస్తుంది. ఆ సున్న గీస్తూ ఉండగా నేను ఆగిపోయాను. ఊగాలని ప్రాణమంతా పెట్టాను, కదల్లేదు. నా తోడు ఊగినా ఆ చిన్న కన్ను ఎత్తుకు మించి పోదు; నాలుగువైపులా పరుచుకోవాల్సిన కాంతి దబ్బనమంత సన్నని గీతగా నిలిచిపోయింది. కాపలా బోర్డు పక్కనే ఉంది. వేలెడు తీగ దానికి అంతా బాగుందని చెబుతూనే ఉంది.

అదే సమయానికి గాలి వీచి నీటి తెర పక్కకు వాలింది.

ఉన్నట్టుండి కన్ను భగ్గుమనేసరికి మెట్ల మీది జనమంతా ఒక్క గొంతుతో "ఓ" అన్నారు. నీళ్ళలో ఎవరైనా పడ్డారేమోనని మస్తానయ్య వెనక్కి తిరిగాడు.

నేను మొదటిసారి ఆయన ముఖం చూశాను. తెల్లబడిన మీసం, నోట్లో ఈల. ఎడమ కన్ను నేరుగా నాకేసి ఉంది. నేను ఆగానని తెలిసి నాగవేణి బటను నొక్కేసరికి రెండు సెకన్లు పట్టింది. మనిషి చేతికి అంతకంటే వేగం లేదు.

ఆయన అరవలేదు. అరవడానికి నొప్పేమీ లేదు. మణికట్టుతో కన్ను నలుముకుని, ఈల ఊది, జనాన్ని గేటు వైపు పంపించాడు. "పచ్చమచ్చ ఒకటి అడ్డమొస్తాంది, పొద్దున్నకు పోతాదిలే" అని ఎవరితోనో అన్నాడు. పొద్దున్నకు పచ్చమచ్చ నల్లమచ్చ అయింది. జిల్లా కేంద్రంలో కంటి డాక్టరు దీపం వేసి, భూతద్దం పెట్టి చూశాడు. కంటి వెనక పొర సరిగ్గా నడిమిన కాలిందన్నాడు. మందు లేదు, ఆపరేషను లేదు అన్నాడు.

కేశవులు మాత్రం మస్తానయ్య ముఖం వెలుతురు వైపు తిప్పి చూశాడు. "కన్ను తళతళలాడ్తాంది గదప్పా! యాడుంది కాలింది? వయసైతే పొర రాదా?" అన్నాడు.

నాగవేణి పెట్టె విప్పింది. నా కీలు దగ్గర ఎర్రగా గట్టిపడింది గోటితో గీరి చూసింది. సుంకన్నను పిలిచింది. అతను ఈసారి అబద్ధం చెప్పలేదు. ఆమె నన్ను ఊడదీసి కొత్త అద్దం పెట్టింది. జంపర్ కూడా పీకేసింది. జనరేటరు బాగయ్యేదాకా షో నడపనని చెప్పింది. మూడోనాడు కేశవులు గది తాళంచెవి ఆమె దగ్గర తీసేసుకుని, ఏదో ఊరినుంచి వేరే ఆపరేటరును తెచ్చాడు.

పోయేముందు ఆమె నన్ను మాత్రల డబ్బాలో వేసుకుని వాచ్‌మన్ గదికి వచ్చింది. మస్తానయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అంతా చెప్పింది. బోర్డు సంగతి, తీగ సంగతి, బొట్టు సంగతి. తను కేశవులుకు ఏం చెప్పిందో, కాగితం మీద ఏం రాసిందో కూడా చెప్పింది. ఆయన నన్ను అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఇంత చిన్నదా పాపా! తూనీగ రెక్కంత గూడా లేదే."

"అవును మామా."

"ఇట్లయితాదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు మామా. సారుకు చెప్తి. రాసిస్తి."

ఆయన పిడికిలి మూసి నన్ను పట్టుకున్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అందుకే వినడానికి కష్టమైంది.

"దినామూ టీ తెస్తి గదా పాపా నీకు. నాకొక మాట చెప్పింటే ఆపొద్దు ఎనిక్కి తిరక్కపోదును."

చదువుకున్నవాళ్ళు చెప్పాల్సినచోట చెప్పామనుకుంటారు. పై ఆఫీసరుకు రాసిన కాగితంతో పని అయిపోయిందనుకుంటారు. మెట్టు మీద నిలబడేవాడికి చెప్పాలని వాళ్ళకెవరూ నేర్పినట్టు లేదు. ఆమె ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఏడ్చింది. "ఏడవబాకు మే, ఇంగొకటుంది గదా" అన్నాడాయన.

ఆమె వెళ్ళాక ఆయన కుడి కన్ను మూసుకుని నన్ను ఎడమ కంటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ కన్ను మొత్తం నాలో పట్టింది. నల్లగుడ్డు, చుట్టూ గోధుమరంగు వలయం, మూలన సన్నని ఎర్ర నరం. ఎక్కడా చిన్న గాయమైనా లేదు. "రెప్పలు కనపడ్తాండాయి. నడిమిన ఏం లేదు" అని గొణిగాడు. నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచీ నేను అక్కడే ఉన్నాను.

షో మళ్ళీ మొదలైంది. మస్తానయ్య ఒకరోజు పడవలో పోయి కొత్త ఆపరేటరును అడిగాడు. "ఆ తీగ మల్లా ఏసినారా నాయనా?" కొత్తతను నవ్వి "అవన్నీ నీకెందుకు తాతా" అన్నాడు. కేశవులును అడిగితే "యాడిది తీగ? అంతా బాగుంది పో" అన్నాడు. గది తలుపుకు తాళం. ఉందో లేదో ఆయనకు తెలియదు. జేబులో ఉన్న నాకూ తెలియదు. జనరేటరు మాత్రం పాతదే. దాని దగ్గు నేను గుర్తుపట్టగలను.

ఈ సాయంత్రం కూడా ముందు వరుస నిండా పిల్లలే. పంపులు లేచాయి. ఏనుగు నడుస్తున్నట్టుంది, పిల్లలు కేరింతలు కొడుతున్నారు. గాలి కొంచెం లేచింది. ఏనుగు మోకరిల్లే పాట మొదలవగానే మస్తానయ్య కింది మెట్టు వదిలి ముందు వరుసకు అడ్డంగా వచ్చాడు. నీళ్ళకు వీపు పెట్టి, రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు.

"ఓ పెద్దాయనా, అడ్డం తొలుగు!"

"కనపడ్డంలే తాతా!"

"తాగినాడేమో సూడప్పా! టిక్కెట్టు కొనింది నీ మొగం సూడనా?"

వేరుశనగ తొక్క ఒకటి వచ్చి నేనున్న జేబుకు తగిలింది. వెనక వరుసలవాళ్ళు ఈలలు వేస్తున్నారు. మస్తానయ్య చేతులు ఇంకాస్త చాపాడు. వీపుకు అవతల, నీళ్ళ మీద, గీతలు ఒక్కొక్కటే ఆరిపోతూ ఉండాలి, ఇక మిగిలేది కన్ను ఒక్కటే.

ఆయన తొలగలేదు.